ఎక్కింది వ్యాను, జయించింది మనవాడు

ఈ వేసవంతా ఫోన్ల నిండా లద్దాఖ్ వీరులే. కొన్నాళ్ళు సైకిలు, కొన్నాళ్ళు ట్రెక్కు, రెండూ ఒకే ప్యాకేజీలో. లిఫ్టు పాడైతే రెండో అంతస్తు ఎక్కలేక కిందే కుర్చీ వేయించుకునే మా పక్క ఫ్లాటాయన కూడా ఖార్దుంగ్ లా జయించి వచ్చాడు.

ఎలాగంటారా? లేహ్ నుంచి ఆ కనుమకు దాదాపు 40 కిలోమీటర్లు, ఎత్తులో తేడా 1,800 మీటర్లకు పైనే. అంతదూరమూ సైకిళ్ళు వ్యాను మీద, వీరులు వ్యానులో. పైకి చేరాక సైకిళ్ళు దింపుతారు, హెల్మెట్లు పెడతారు, బోర్డు పక్కన ఫొటోలు దిగుతారు. ఇక కిందికి జారుడే. కాళ్ళకు పని లేదు, బ్రేకులు నొక్కే వేళ్ళకే శ్రమ.

ఆయన మెళ్ళో ఓ పతకం కూడా వేలాడుతోంది. న్యాయంగా దాన్ని వ్యానుకు వేయాలి. మలుపు మలుపునా రొప్పింది అదే. పెళ్ళిలో భోంచేసొచ్చి వంట నేనే చేశానన్నట్టుంది వ్యవహారం!

ఆ బోర్డు సంగతీ అంతే. కనుమ ఎత్తు ఏళ్ళ తరబడి 18,380 అడుగులని రాసుకున్నారు. కొలిస్తే తేలింది సుమారు 17,582. మిగతా ఎనిమిది వందలు ఎవరు తొక్కారో!

ట్రెక్కులో బ్యాగు సంగతా? ఆఫ్‌లోడింగ్ అని డబ్బు కడితే గుర్రం మోస్తుంది.

అన్నీ తానే మోసుకున్నవాడూ ఉన్నాడు. 1995లో గోరన్ క్రాప్ అనే స్వీడన్ మనిషి స్టాక్‌హోమ్‌లో సైకిలెక్కి, సామాను వెంటేసుకుని 1996లో నేపాల్ చేరాడు. ఎవరెస్టు శిఖరం కాస్త దూరంలో ఉండగా, పొద్దుపోయిందని వెనుదిరిగాడు. అదే ఏడు మేలో మళ్ళీ వెళ్ళి, ఆక్సిజన్ సిలిండరు లేకుండా ఎక్కి, తిరుగు ప్రయాణానికీ సైకిలే పట్టాడు. అతగాడికి ప్యాకేజీల గురించి చెప్పేవాళ్ళు లేకపోయారు, పాపం.

మోకాళ్ళు సహకరించకపోతే వ్యానెక్కండి, తప్పేం లేదు. కొండ చూడ్డానికి తొక్కే తీరాలని ఎవరన్నారు? కానీ ఎక్కామని చెప్పుకోకండి. చలిలో గుడారం వేసినవాడు, తెల్లారకముందే టీ కాచినవాడు, పంక్చరేసినవాడు, గుర్రాలు తోలినవాడు... మా పక్క ఫ్లాటాయన చూపించిన ఫొటోల్లో వీళ్ళలో ఒక్కడూ లేడు. పేర్లడిగితే "ఎవరో హెల్పర్లండీ" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ చెమటకు కూలి ఇచ్చారు సరే, కీర్తి కూడా కొనేశారా?

వచ్చే ఏడు ఆయన ఉమ్లింగ్ లా కనుమకట. 19,024 అడుగులు. రోడ్డు వేశారు కదా, వ్యాను నేరుగా పైదాకా పోతుందట.