సగిలేరు మీదికి సముద్ర చట్టం

సముద్రానికి నీళ్లివ్వడంలో రాయలసీమ వాళ్లం మహా పిసినారులం. శ్రీశైలం గేట్లెత్తిన ప్రతిసారీ "ఇన్ని టీఎంసీలు సముద్రంపాలు" అని గుండెలు బాదుకుంటాం. పత్రికలు రోజువారీ లెక్కలేస్తాయి, నాయకులు ధర్నాకు కూర్చుంటారు. చెత్త దగ్గరికొస్తే మాత్రం దానకర్ణులం. ఎంత పోయిందని అడిగే నాథుడుండడు.

మా బద్వేలుకూ సముద్రానికీ ఏం సంబంధమంటారా? ఇక్కడ రెండు టీలు పార్శిలంటే కవర్లో పోసి, మూతికి దారం చుట్టి చేతికిస్తారు. టీ ఇంటికి, కవరు కాలవకు. కాలవ ఎండాకాలమంతా కదలదు కాబట్టి కవరు కూడా తొందరపడదు. గట్టి వాన పడిందంటే వాగులోంచి సగిలేరు, సగిలేట్లోంచి పెన్న. దారిలో సోమశిల డ్యాము ఆపుతుంది, ఆపినన్నాళ్లు. గేట్లెత్తితే నెల్లూరు మీదుగా బంగాళాఖాతమే. 2021 అక్టోబరు 30న మాకు ఉప ఎన్నిక జరిగింది, మూడు వారాలు తిరక్కుండానే పెన్న పొంగింది. ఆ ప్రచార సామగ్రిలో ఎంత సముద్రస్నానం చేసిందో ఏ ఎన్నికల ఖర్చులోనూ రాయలేదు.

అదే కవరును నడిసముద్రంలో ఓడ మీంచి విసిరితే నేరం. మార్పోల్ ఒప్పందంలోని అయిదో అనుబంధం 1988 చివరి నుంచీ ఓడల ప్లాస్టిక్‌ను నీళ్లలో పడనివ్వడం లేదు. పెద్ద ఓడల్లో చెత్తకొక పద్దు పుస్తకం ఉంటుంది. ఏ చెత్త, ఎక్కడ, ఎంత దించారో తేదీ వేసి అధికారి సంతకం చెయ్యాలి. మా కాలవ గట్టున అలాంటి పుస్తకం పెడితే మధ్యాహ్నం టీ వేళకే పేజీలైపోతాయి.

అలాగని 1982 నాటి సముద్ర చట్టాల ఒడంబడిక నేల మీది వాళ్లను మరిచిపోలేదు. 1995లో మన దేశమూ దాన్ని ఆమోదించింది. భూమ్మీంచి వచ్చే కాలుష్యాన్ని అదుపు చేయమంటూ 207వ అధికరణం నదుల పేరే ఎత్తింది. సగిలేరూ అందులోకి వచ్చినట్టే, ఊళ్లో ఎవరికీ చెప్పలేదంతే. కాకపోతే ఓడల విషయంలో మీ చట్టం అంతర్జాతీయ నియమాలకు ఏమాత్రం తగ్గకూడదని కరాఖండిగా చెప్పి, నేల విషయానికొచ్చేసరికి వాటిని దృష్టిలో పెట్టుకుని చట్టాలు చేసుకోమంది. దృష్టిలో పెట్టుకుంటామన్న అర్జీల గతి మనకు తెలియనిదా!

ఒక్కసారి మాత్రం సముద్రం నిజంగానే మా ఊరి మీదికొచ్చింది. 2022 ఆగస్టు 26న విశాఖలో, సముద్రాల్లో ప్లాస్టిక్ మీద పనిచేసే పార్లే ఫర్ ది ఓషన్స్ సంస్థతో ఒప్పందం వేళ, అప్పటి ముఖ్యమంత్రి, మా జిల్లావారే అయిన జగన్మోహన్ రెడ్డి ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద రాష్ట్రమంతటా నిషేధం ప్రకటించారు. గుడ్డ మీద వేసుకోమన్నారు. నవంబరు 1 నుంచి అన్నది కాస్తా 2023 జనవరి 26కు జరిగింది. ఆ సందులో డిసెంబరు 21న ముఖ్యమంత్రి గారి పుట్టినరోజు, ఆపైన కొత్త సంవత్సరం, సంక్రాంతి నిర్విఘ్నంగా ఒడ్డెక్కాయి. 2024లో ప్రభుత్వం మారింది. ఫ్లెక్సీల్లో మొహాలు మారాయి, కొలతలు మారలేదు.

పాపం, ఫ్లెక్సీకి చావు కూడా సులువుగా రాదు. దించాక పల్లెలకు పోయి శనక్కాయ కట్టె వామి మీద పరుచుకుంటుంది, గొడ్ల కొట్టానికి అడ్డుగా నిలుస్తుంది. మొన్నొక చోట ఎనుము వీపు గీరుకుంటున్నది సరిగ్గా ఒక నాయకుడి నమస్కారం మీద. అక్కడే చినిగి పీలికలై గాలికెగిరి మళ్లీ వాగులో పడుతుంది.

ఫ్లెక్సీలు అచ్చేసే కుర్రాణ్ని కదిపితే, "ఆ షీటు మేం చేస్తామా అన్నా? తయారుచేసే ఫ్యాక్టరీని అడగరు, బొమ్మేసే మా మీద పడతారు" అన్నాడు. నవ్వి ఊరుకుందును గానీ, 2025 ఆగస్టులో ప్లాస్టిక్ ఒప్పందం కోసం జెనీవాలో దేశాలన్నీ పది రోజులు కూర్చుని తేల్చుకోలేక లేచిపోయిన ముఖ్యమైన తగవుల్లో ఇదొకటి: తయారీకే పగ్గం వెయ్యాలా, చెత్తను పట్టుకుంటే చాలా? తయారీ జోలికి పోవద్దన్న వాళ్లలో మన దేశమూ ఉంది. "నువ్వు ఢిల్లీకి ఎదురు మాట్లాడుతున్నావబ్బా" అన్నాను.

"మనకెందుకులే అన్నా ఆ గొడవ. ఇంతకీ నీకు పది బై ఎనిమిది సరిపోతాదా, ఇంకా పెద్దది వెయ్యాల్నా?"