అనంతపురంలో కంపెనీ నడిపేవారికి కొన్ని మెలకువలు

సొంత వ్యాపారం ఎలా పెట్టాలో నేర్పే పుస్తకాలు బెంగళూరులో బాగా దొరుకుతాయి. అక్కణ్ణుంచి రెండొందల పైచిలుకు కిలోమీటర్లు వస్తే అనంతపురం. ఇక్కడ ఏటా జూన్, జులైలలో ఊరూరా కొత్త కంపెనీలు మొదలవుతాయి. పెట్టుబడి అప్పు, సరుకు శెనక్కాయ, భాగస్వామి వాన. నైరుతి మేఘం పడమటి కనుమలు దాటేసరికే ఖాళీ అయిపోతుంది. ఈశాన్యానిది కోస్తాలోనే ఓపిక అయిపోతుంది. ఏడాది సగటు 550 మిల్లీమీటర్లు. ఊడలు దిగే వేళ నెల్లాళ్లు మొహం చాటేసి, చెట్టు పీకి కుప్పేసిన రోజు కుండపోతగా కురిసినా సగటు సగటే. ఇంతటి నమ్మకస్తుడితో పొత్తు పెట్టుకున్నారు కాబట్టి మీకు కొంత శిక్షణ అవసరం.

ముందు మంచి గురువును వెతుక్కోండి. ఒక్కరు చాలరు, బోరు వేయాలంటే కనీసం ముగ్గురు కావాలి. మొదటాయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ లేచి నిలబడిన చోట నీళ్లున్నట్టు. రెండో ఆయన పంగల పుల్ల పట్టుకుంటాడు. మూడో ఆయన దగ్గర మీటరు, వైర్లు, డిగ్రీ ఉంటాయి. ముగ్గురూ మూడు చోట్ల గుర్తు పెడతారు, ముగ్గురికీ డబ్బులు ముందే ఇవ్వాలి. బోరుకు ముందు అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతుంది గానీ, ఆ సంగతి ముగ్గురిలో ఒక్కరూ ఎత్తరు.

రాత్రికి తిరుచెంగోడు బోరు బండి వస్తుంది. రేటు అడుగుల లెక్క. లోతు పెరిగేకొద్దీ అడుగు ధర కూడా పెరుగుతుంది. కేసింగ్ పైపు వేరే. ఆరు వందల అడుగుల దగ్గర బూడిద రంగు రాతిపిండి పైకెగిరి పక్క చేని కంది ఆకుల మీద పేరుకుంటుంది. మీరు ఆ పిండిని గుప్పిట పట్టి పిసుకుతారు. ఉండ కడితే తడి తగిలినట్టు. కట్టదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. అప్పుడు బండివాడు అడుగుతాడు:

“ఇంకో నూరు పోనిద్దామా అన్నా?”

మీరు నోరు తెరిచేలోపే బామ్మర్ది అందుకుంటాడు: “ఇంత దాంకా వచ్చి నిలబెడితే పోసిందంతా మట్టిపాలే కదా బావా!” పోయిన డబ్బు వెంట ఉన్న డబ్బును పంపడం మీద మేనేజ్‌మెంట్ కాలేజీల్లో పెద్ద పాఠమే ఉందట. ఇక్కడ ఆ పాఠం బామ్మర్ది చెబుతాడు, అదీ తిరగేసి. “పోనీ” అనండి.

కొందరు సలహాదారులకు మాత్రం దూరంగా ఉండండి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్లు 1990లో బీడుపడ్డ నేలతో మొదలుపెట్టి గుట్టల మీద మళ్లీ చెట్లు లేపారు, రైతులతో కొర్రలు, సామలు పండిస్తున్నారు. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ 1969 నుంచి ఇక్కడే ఉంది. ఇలాంటివాళ్ల మాట వింటే చేనంతా శెనక్కాయే వేయొద్దంటారు, నీళ్లను తోడే ముందు నిలబెట్టమంటారు, పదేళ్లు ఆగమంటారు. పదేళ్లలో ఎన్ని బోర్లు వేయొచ్చు!

ఇక మాట నేర్పు. బ్యాంకులో పాత లోను కడితేగాని కొత్త లోను ఇవ్వరు. కాబట్టి ఊళ్లో వడ్డీకి తెచ్చి పొద్దున కట్టి, కొత్త లోను చేతికి రాగానే పట్టుకెళ్లి అప్పిచ్చినాయనకు ఇచ్చేయాలి. మధ్యలో నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ వడ్డీ మీదే. బ్యాంకు పుస్తకంలో మాత్రం మీరు సకాలంలో చెల్లించే ఆదర్శ ఖాతాదారు. ఆ వడ్డీ కోసం అప్పిచ్చినాయన మళ్లీ ఇంటికొస్తే తల దించుకోకండి. “కాలమైతే ఇస్తాలే సామీ” అనండి. అయితే ఈ మాట ఆయన మీ నాయన నోటా విన్నాడు.

చీనీ (బత్తాయి) వ్యాపారితో బేరానికి కూర్చుంటే అసలు మాట్లాడకపోవడమే మేలు. తోటలో చెప్పిన ధర ఒకటి, కాయ కోసి లారీకెత్తాక ఫోన్లో వచ్చే ధర ఇంకొకటి. ఎక్కడో ఢిల్లీలో మార్కెట్ పడిపోయి ఉంటుంది, పాపం. పైగా టన్నుకు ఇన్ని కిలోలని సూటు కింద తీసేస్తారు. ఎందుకని అడిగితే మీకు వ్యాపార మర్యాద తెలియదనుకుంటారు.

పెద్దలు మాట ఎలా వాడతారో చూసి నేర్చుకోవాలి. 2016లో శెనక్కాయ పంట ఎండిపోతుంటే ప్రభుత్వం నీళ్లు చిమ్మే రెయిన్‌గన్లు దించింది. తుపాకీ అన్నాక ధైర్యం రాకుండా ఉంటుందా? నీళ్లు తోడాల్సిన కుంటలో నీళ్లుండాలన్నది చిన్న విషయం. పెనుకొండ దగ్గర కియా కంపెనీ నుంచి 2019లో కార్లు బయటికొచ్చాయి. ఆ ఫ్యాక్టరీ కోసం గొల్లపల్లి రిజర్వాయరుకు హంద్రీనీవా నీళ్లు వచ్చాయి. మీ చేనికి రాలేదంటే ప్రాజెక్టు రిపోర్టు సరిగా రాయలేదన్నమాట.

పనీ ఇల్లూ సమతూకంగా ఉండాలని ఈమధ్య అందరూ చెబుతున్నారు. దీనికి ధర్మవరం వెళ్లి చూడండి, పని ఇంట్లోనే ఉంటుంది. నడింట్లో మగ్గం గుంత, గుంతలో కాళ్లు, ముందు పట్టు పడుగు. ఆయన నేస్తుంటే ఆమె కండెలు చుడుతుంది, వంట దించి మళ్లీ చుడుతుంది. ముడి పట్టు, జరీ, అడ్వాన్సు అన్నీ మాస్టర్ వీవరే ఇస్తాడు. చీర తీసుకుని, డాగు చూపించి, కూలీ కోసి, బాకీ రాసుకునేదీ ఆయనే. గురువు, బ్యాంకు, మార్కెట్ ఒకే మనిషిలో దొరకడం ఎంత వెసులుబాటు! సెలవు కూడా ఉంది. ముసురు పడితే గుంతలో చెమ్మ చేరి, పోగులు సాగి, మగ్గం ఆగిపోతుంది. రైతు ఆకాశం వైపు చూసి దండం పెట్టే రోజునే నేతగాడికి కూలి పోతుంది. ఉమ్మడి జిల్లా మొత్తానికి ఒకేసారి పండగ రాకుండా దేవుడు చేసిన ఏర్పాటు ఇది.

సమతూకం ఇంకా కావాలంటే పనిని ఇక్కడుంచి కుటుంబాన్ని బెంగళూరు పంపొచ్చు, లేదా కుటుంబాన్ని ఇక్కడుంచి మీరే వెళ్లి అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చోవచ్చు. ఆ అపార్ట్‌మెంట్లలో స్టార్టప్‌ల వాళ్లుంటారు, పొద్దున్నే గుడ్ మార్నింగ్ చెబుతారు.

కంపెనీ మూతపడితే దిగులొద్దు. దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది ఈ జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. ప్రధానమంత్రే వచ్చి ప్రారంభించారు. దివాలా తీసిన యజమానులకు గడ్డపార సిద్ధంగా ఉంచిన జిల్లా ఇంకెక్కడుంది?

ఈ సలహాలు నచ్చితే ఫీజు ఇప్పుడే కట్టేయండి. కొబ్బరికాయ ఆయన, బండివాడు, నేను, మేమెవరమూ వాన పడ్డాక ఇమ్మని అప్పు పెట్టం.