అటక మీది మూట

మిగిలిన గుడ్డ ఎవరి సొత్తూ కాదని నేను నమ్మాను. చీర కట్టుకునేవాళ్లది, రవిక తొడుక్కునేవాళ్లది, కత్తెర పక్కన పడ్డ ముక్క మాత్రం ఎవరికి దొరికితే వాళ్లది అనుకున్నాను. నేను చేసిన తెలివితక్కువ పనికంతటికీ ఆ నమ్మకమే మూలం.

మా వదిన కూతురికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. పేరంటానికి వచ్చే ముత్తయిదువలకు పసుపు, కుంకుమ, వక్కపొడి ప్లాస్టిక్ డబ్బాల్లో ఇవ్వొద్దని, గుడ్డ అతికించిన పెట్టెలు నేనే చేస్తానని మాటిచ్చాను. అడిగినవాళ్లెవరూ లేరు, ఉబలాటం నాది. అటక మీద అత్తయ్య పాత పంచెలో కట్టి దాచిన మూట ఉంది. విప్పితే పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి, ధర్మవరం పట్టు ముక్కలు, అరచేతంతవి కొన్ని, మూరెడువి కొన్ని. అత్తయ్య అప్పుడు ఊళ్లో లేరు. ఫోన్లో ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగాలనే నాకు తోచలేదు. పనికిరాని వాటిని పనికొచ్చేలా చేస్తున్నానన్న సంబరంలో ఉన్నాను.

పని కూడా తెలుసుకోకుండానే మొదలుపెట్టాను. 2 మిల్లీమీటర్ల మందం అట్ట కోసి, అంచులు కాగితం పట్టీలతో కలిపి పెట్టెలు నిలబెట్టాను. జిగురులో నీళ్లు కలిపి గుడ్డకే పూశాను. వెంకటగిరి నూలు పలచన కదా, జిగురు పైకి ఊరి మరకలు కట్టింది. గద్వాల ముక్కలో ఒళ్లు నూలు, అంచు పట్టు. తడి తగలగానే ఒకటి బిగుసుకుంది, ఇంకొకటి ముడతలు పడింది. పోచంపల్లి ముక్క విషయంలో చేసింది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. అక్కడ నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగులద్దుతారు. ఆ రంగులు చోటు తప్పకుండా కలిసేలా మగ్గం మీద సరిచూసుకుంటూ నేస్తారు. అంత ఓపికతో నిలబెట్టిన గీతను నేను ఏటవాలుగా కోసేశాను. ఆరేసరికి పెట్టెల పైఅంచులు బయటికి విచ్చుకున్నాయి. మూతలు పట్టలేదు.

ఒక పెట్టె పట్టుకుని, పుస్తకాలు బైండు చేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. జిగురు ఆరుతూ బిగుస్తుందని, గుడ్డ అతికించిన వైపుకే అట్టను లాగుతుందని ఆయన చూపించారు. లోపలివైపు కూడా కాగితం అతికిస్తే రెండు వైపులా లాగుడు సమానమై అట్ట తిన్నగా నిలుస్తుంది. జిగురు చిక్కగా ఉండాలి, పలచటి పూతగా అట్టకు రాయాలి, గుడ్డకు కాదు. నూలుగుడ్డను ముందే తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేసుకోవాలి. చుట్టూ 2 సెంటీమీటర్లు మడతకు వదలాలి. మూత కొలత, అడుగు పెట్టెకు గుడ్డ అతికించాకే తీసుకోవాలి. పూర్తిగా ఆరేదాకా బరువు కింద ఉంచాలి. పట్టు సంగతి మా టైలర్ చెప్పాడు. కాలర్లకు వేసే ఫ్యూజింగ్‌ను వెనకవైపు ఇస్త్రీతో అతికిస్తే జిగురు పైకి రాదన్నాడు. వాళ్లు చెప్పినట్టు చేస్తే పెట్టెలు నిజంగానే అందంగా వచ్చాయి. అన్నిటికన్నా అందంగా వచ్చింది ధర్మవరం పట్టు మూత. దాన్ని అందరికీ చూపించాను.

ఫంక్షన్ దగ్గర పడ్డాక వదిన తన పెళ్లిచీర పట్టుకుని వచ్చింది. కూతురి వేడుకలో ఆ చీరే కట్టుకోవాలని ఆమె కోరిక. రవిక బిగుతైపోయింది. లోపల వదిలిన గుడ్డంతా ఎప్పుడో విప్పించేశారు. చంకల కింద అతుకు వేస్తే తప్ప పట్టదు. అప్పటికి ఊరి నుంచి వచ్చేసిన అత్తయ్య "దాని ముక్క నా మూటలో ఉందిగా" అని ధీమాగా లేచారు. ఆ ముక్క మూటలో లేదు. నా మూత మీద ఉంది.

"అమ్మాయీ, దీని పెళ్లినాటి నుంచీ దాచానే అది. నన్నొక్క మాట అడగకపోయావా?" అన్నారు అత్తయ్య. ఏం చెప్పను? మూత మీంచి పట్టును ఊడదీయబోయాను. ఫ్యూజింగూ జిగురూ కలిసి బిరుసెక్కిన గుడ్డ చిరిగింది తప్ప ఊడలేదు. చివరికి టైలర్ దగ్గరున్న వేరే పట్టుతో అతుకు వేయించాం. వదిన ఆ పూటంతా పైట భుజాల చుట్టూ కప్పుకునే తిరిగింది. నన్ను ఒక్క మాట అనలేదు. అయినా పెట్టెలు బాగున్నాయని పదిమందీ మెచ్చుకుంటుంటే నేను తలెత్తలేకపోయాను.

పట్టుచీర చివర రవిక కోసం నేసే గుడ్డ 80 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అది చీరతోపాటు ఒకే పడుగు మీద దిగుతుంది. రవికకు పోను మిగిలిన ముక్కను నమ్మకస్తుడైన దర్జీ కుట్టిన రవికతోపాటే మడిచి ఇస్తాడు. ఆ రంగుకు సరిగ్గా సరిపడేది మళ్లీ ఏ కొట్లోనూ దొరకదు. ఇంట్లో ఆడవాళ్ల ఒళ్లు మారుతుందని, కానుపులవుతాయని, కుట్లు పిగులుతాయని అత్తయ్యకు తెలుసు. అవసరం ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టే అన్నీ దాచారు. ఆ ఇంటి బట్టలన్నిటికీ ఆ మూటే మందులపెట్టె. నేను దాన్ని చూసి రంగులు మాత్రమే లెక్కపెట్టుకున్నాను. వృథా కానివ్వకూడదని నేను చదివి నేర్చుకున్నదాన్ని ఆవిడ ఏళ్ల తరబడి చేస్తూనే ఉన్నారు. ఆ పొదుపునే నేను కత్తిరించి అట్టకు అతికించాను.

పెట్టెలు చేయడం మానలేదు. ఆ పని అంటే నాకు ప్రాణం. కానీ ఇప్పుడు అత్తయ్య పక్కన కూర్చుని, ఆవిడ తీసి ఇచ్చినవే తీసుకుంటాను. చీర చిరిగిపోయి ఎవరికో ఇచ్చేసి ఉంటే దాని ముక్క నాకు వస్తుంది. చీర ఇంకా బీరువాలో ఉంటే దాని ముక్క మూటలోకి వెళుతుంది, ఏ చీరదో రాసిన చీటీ కుట్టించుకుని. టైలర్ దగ్గర నుంచి తెచ్చే ముక్కలైనా, ఎవరూ తిరిగి అడగరని అతను చెప్పినవే డబ్బిచ్చి తెస్తాను. కొత్తగా ఈ పని నేర్చుకోవాలని నా దగ్గరికొచ్చే పిల్లలకు కొలతల కన్నా, జిగురు కన్నా ముందు చెప్పే పాఠం ఒకటే: ఈ ముక్క ఎవరు దాచారో, ఎందుకు దాచారో అడిగి తెలుసుకున్నాకే కత్తెర పట్టుకోండి.