బజ్జీలతో కట్టిన స్టేడియం

మొత్తానికి మన వాట్సాప్ గ్రూపుల్లోకి స్టేడియం వచ్చేసింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ చూసే పార్టీకి ఇకమీదట ఎవరూ ఊరికే చిప్సు ప్యాకెట్టు ఊపుకుంటూ రాకూడదట. హోస్టు గారు ఫలహారాలతో స్టేడియం కడుతున్నారు కనుక తలా ఒక గ్యాలరీ పంచుకోవాలి. అమెరికాలో మనవాళ్లున్న ఎడిసన్‌లోనూ ఇదే గోల, ఫ్రిస్కోలోనూ ఇదే గోల. ఎవరో రీలు పెట్టారు, మనవాళ్లు శంకుస్థాపన చేసేశారు.

అమెరికావాళ్లు కట్టేది మీరు చూసే ఉంటారు. నడుమ గ్వాకమోలె మైదానం, దాని మీద సోర్ క్రీము గీతలు, చుట్టూ సాండ్‌విచ్ ముక్కల మెట్లు. మనవాళ్లు దానికి బొట్టు పెట్టి దేశీ చేశారు. గ్వాకమోలె స్థానంలో పుదీనా పచ్చడి, సోర్ క్రీముకు బదులు గట్టి పెరుగు. తూర్పు గ్యాలరీలో మిరపకాయ బజ్జీలు, పడమర పునుగులు, మూలల్లో చికెన్ 65. జంతికలు విరిచి గోల్‌పోస్టులు. టూత్‌పిక్కుల మీద చెర్రీ టమాటాలు గుచ్చితే ఫ్లడ్‌లైట్లు. అసలు మైదానం 100 గజాలు, అయిదేసి గజాలకో గీత. హోస్టు గారు ఆ లెక్క తప్పకుండా పెరుగు గీతలు గీస్తారు. ఫస్ట్ డౌన్ రావాలంటే ఎన్ని గజాలు పోవాలో మాత్రం ఆయన్ని అడగకండి. పెరుగు గీయడానికి ఆ వివరం అక్కర్లేదు.

ఈ కట్టడంతో నాకు ముందుగా ఇంజినీరింగు పేచీ ఉంది. మిరపకాయ బజ్జీ గోడ కట్టడానికి పుట్టలేదు. మూకుట్లోంచి తీశాక దాని ఆయుష్షు నిమిషాల్లో ఉంటుంది. లోపలి మిరపకాయ ఆవిరి కక్కుతూనే ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఆ ఆవిరికి దారి లేక శనగపిండి పొరలోకే ఇంకుతుంది, కరకరలాడాల్సిన తొడుగు మెత్తబడి ఊడిపోతుంది. జాతీయ గీతం పూర్తికాక ముందే తూర్పు గ్యాలరీ కుంగడం ఖాయం. పునుగులది ఇంకో తంటా. అవి నిలబడవు, దొర్లి పచ్చడి మైదానంలోకి దిగిపోతాయి. వాటిని గీత దాటనివ్వకుండా హోస్టు గారి చిన్నబ్బాయిని సెక్యూరిటీగా నిలబెడతారు.

అంతా పేర్చాక ఎవరూ ముట్టుకోకూడదు. ముందు ఫొటో. ఆలస్యంగా వచ్చిన రెండు కుటుంబాలతో మళ్లీ ఫొటో. ఆపైన డ్రోను షాటు అంటూ ఒకాయన చెప్పులతోనే సోఫా ఎక్కి పైనుంచి తీసే వీడియో. ఈలోగా ఆకలేసిన పిల్లాడెవడో కింది వరసలోంచి ఒక బజ్జీ లాగుతాడు, గ్యాలరీ కూలుతుంది, వాళ్లమ్మ వాడి చేతి మీద ఒక్కటి వేస్తుంది. తినడానికి చేసిన బజ్జీ తిన్నందుకు పిల్లాడు దెబ్బలు తింటే అది పార్టీ ఎలా అవుతుందో నాకు అంతుబట్టదు.

కాలీఫ్లవర్‌కు రెక్కలు మొలిపించి వింగ్స్ అంటూ తెచ్చేవాళ్ల జోలికి నేను పోను. ఎయిర్ ఫ్రయర్‌లో రాగి నాచోలు చేసుకొచ్చినవాళ్లు అవి తామే తినాలని చట్టం రావాలి. ఎముకల్లేని వింగ్స్‌లో ఎముక ఉన్నా తప్పు లేదన్నట్టు ఒహాయో సుప్రీంకోర్టు 2024లో 4-3 తేడాతో తేల్చేసింది కనుక ఆ పళ్లెం దగ్గర వాదన పెట్టుకోకుండా నమిలి మింగండి.

అసలు ఈ తిళ్లలో ఒక్కదానికైనా థీమ్ పెట్టి పుట్టించిన చరిత్ర ఉందా? 1964లో బఫెలో నగరంలోని యాంకర్ బార్‌లో అర్ధరాత్రివేళ కొడుకూ వాడి స్నేహితులూ ఆకలంటే, సూపులోకి పోవాల్సిన కోడి రెక్కల్ని తెరెసా బెల్లిసిమో వేయించి కారపు సాసులో తిప్పి పెట్టిందని చెప్పుకుంటారు. నాచోలూ అంతే. 1940లలో మెక్సికో సరిహద్దు ఊరు పియెద్రాస్ నెగ్రాస్‌లో, భోజనానికి మనుషులొచ్చేసరికి వంటవాడు కనబడకపోతే, ఇగ్నాసియో అనాయా టోర్టిల్లా ముక్కల మీద చీజూ పచ్చిమిరపా వేసి వేడిచేసి ముందు పెట్టాడు. ఆకలి ముందొచ్చింది, వంట దాని వెనక వచ్చింది. మన దగ్గర ముందొచ్చేది గూగుల్ షీటు.

ఇంతకీ ఈ గ్యాలరీలకు సరుకు ఎక్కడి నుంచి వస్తోంది? గ్యారేజీ నుంచి. ఇంట్లో మూకుడు పెడితే అలారం మోగుతుందని, కార్పెట్టుకు నూనె వాసన పడుతుందని గ్యారేజీలో పొయ్యి పెట్టుకోవడం మన ఆచారం. వేసవిలో బాగానే ఉంటుంది. సూపర్ బౌల్ ఫిబ్రవరి రెండో ఆదివారం. న్యూజెర్సీలో అప్పటికి నీళ్లు గడ్డకట్టే చలి. పొగ పోవాలని తలుపు సగం ఎత్తి ఉంచుతారు. ఆ తలుపు పక్కన, చీర మీద కొడుకు పాత జాకెట్టు తొడుక్కుని, చిల్లుల గరిటె పట్టుకుని నిలబడేది ఎవరు? తెనాలి నుంచో హనుమకొండ నుంచో ఆర్నెల్లు ఉందామని వచ్చిన అమ్మ.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. మనవడిని ఎత్తుకుందామని వచ్చిన మనిషి ఆమె. మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఆట చూడాలని ఉందా అని ఆమెను ఎవరూ అడగలేదు. ‘ఆంటీ, ఇంకో వాయి’ అని లోపలినుంచి కేక వస్తుంది. గ్రూపులో ‘అమ్మ చేతి బజ్జీలు’ అని ఫొటో పడుతుంది, అందులో అమ్మ లేదు. ‘కూర్చోమన్నా కూర్చోదండీ, మా అమ్మకి వంటంటే సరదా’ అంటాడు కొడుకు. ఎక్కడ కూర్చోమన్నావు బాబూ? గ్యారేజీలో కుర్చీ వేశావా? అమ్మ రాని ఏడు ఆ చోట కోడలు నిలబడుతుంది. ఆమెకు శుక్రవారం దాకా ఆఫీసు, సోమవారం పొద్దున్నే మళ్లీ ఆఫీసు. గూగుల్ షీటులో మగవాళ్ల పేర్ల ఎదురుగా ఏమున్నాయో ఒకసారి చూడండి. ఐసు, కోకు, పేపరు ప్లేట్లు. సిగ్గనిపించడం లేదూ?

ఇంత చాకిరీ దేనికోసం? మూడు గంటలు దాటే ఎన్ఎఫ్ఎల్ ప్రసారంలో బంతి నిజంగా కదిలేది సుమారు 11 నిమిషాలేనని వాల్ స్ట్రీట్ జర్నల్ 2010లో లెక్కగట్టి చూపింది. ఆ 11 నిమిషాలైనా మనవాళ్లు చూస్తారా అంటే, అప్పుడు హెచ్-1బీ గురించీ ఇళ్ల వడ్డీ రేట్ల గురించీ చర్చ నడుస్తుంటుంది. హాఫ్‌టైం పాటకు తలెత్తుతారు. ఆట ముగిశాక నానిపోయిన గ్యాలరీలు, నల్లబడిన పచ్చడి కలిపి చెత్త సంచిలోకి.

వచ్చే ఫిబ్రవరికి థీమ్ ఏమిటని అడిగితే నా ఓటు పిజ్జాకు. ఆ రోజు లక్షల ఇళ్లకు పోతుంది, మీ ఇంటికీ వస్తుంది. బజ్జీ కావాలన్నవాళ్లు మూకుడు దగ్గరికి వెళ్లి, నాలుగు వాయిలు తామే వేసి, వేడిమీద అక్కడే తినాలి. గ్యారేజీలో హీటరు పెట్టిస్తాం అనకండి, ఆ సలహా ఇప్పటికే ఒకాయన ఇచ్చాడు. అమ్మను లోపలికి పిలిచి సోఫాలో కూర్చోబెట్టండి. ముందు దాని మీద నిలబడి వీడియో తీస్తున్న పెద్దమనిషిని దించండి.