జోంగా కథ: లీటరు లెక్క

జోంగా పెద్ద పెట్రోలు జీపు. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే బండి. జపాన్‌కు చెందిన నిస్సాన్ ప్యాట్రోల్ 60 నమూనాను భారత సైన్యం కోసం జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా ఈ పేరుతో తయారు చేశారు. ఈ కథ అక్కడ పుట్టి, సైన్యంలో చాకిరీ చేసి, వేలంలో చేతులు మారి, తమిళనాడులోని వేలూరు జిల్లా గుడియాత్తంలో స్థిరపడిన ఒక జోంగాది. కథలో ఎక్కువ భాగం దాని తాగుడు గురించే, అంటే లీటరు పెట్రోలుకు ఎంత దూరం పోతుందన్న లెక్క గురించే.

ఆ తాగుడు పుట్టుకతో వచ్చిందే. ఆరు సిలిండర్ల ఇంజను, 3,956 సీసీ. టన్నున్నరకు మించిన బరువు, నిటారుగా నిలబడ్డ అద్దం, డబ్బాలాంటి ఒళ్లు, మందపాటి యాక్సిళ్లు. నేటి కార్లతో పోలిస్తే కంప్రెషన్ తక్కువ. ఇలాంటి పాత ఇంజన్లలో పెట్రోలులోని శక్తి నాలుగో వంతు కూడా చక్రాల దాకా రాదు. మిగిలింది రేడియేటరు వేడిగా, సైలెన్సరు పొగగా పోతుంది. సైన్యంలో ఉన్నంతకాలం ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. ట్రైలరు లాగుతుందా, ఇసుకలో ఇరుక్కోకుండా బయటపడుతుందా అన్నదే అక్కడి కొలమానం.

వేలూరు జిల్లా నుంచి సైన్యానికి వెళ్లినవాళ్లు చాలామంది. కమ్మవాన్‌పేట్టై లాంటి ఊళ్లకు సైనికుల ఊరన్న పేరే ఉంది. జోంగాను వేలంలో పాడుకున్న గుడియాత్తం తెలుగాయన కూడా మాజీ సైనికుడే. సైన్యపు ఆలివ్ గ్రీన్ రంగు మామూలు బండ్లకు చట్టం ఒప్పదు కాబట్టి ముందు ఆ రంగు పోయి బూడిద రంగు వచ్చింది. తర్వాత వేలూరు రిజిస్ట్రేషను వచ్చింది. 2010 జూన్‌లో పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తేయడంతో ధర ఎక్కుతూ పోయింది. బంకులో ట్యాంకు నింపించిన ప్రతిసారీ యజమాని ముఖం చిన్నబోవడం మొదలైంది. లెక్క అప్పుడు మొదలైంది.

మొదటి పని కొలవడం. మీటరు ముల్లు చూసి చెప్పే మైలేజీ నమ్మదగింది కాదు. ఒకే బంకులో, బండిని ఒకే చోట నిలిపి, ట్యాంకు మూతి దాకా నింపి, తిరిగి అక్కడే నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించాలి. టైర్లు మార్చిన బండికి ఇంకో చిక్కు ఉంది. అసలు టైరుకన్నా చుట్టుకొలత 5 శాతం ఎక్కువుంటే, బండి 105 కిలోమీటర్లు తిరిగినా మీటరు 100 అనే చూపిస్తుంది. పెట్రోలు మాత్రం 105కు ఖర్చవుతుంది. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లతో మీటరును సరిచూశాక తేలిన నిజం: ఊళ్లోనూ హైవేలోనూ కలిపి లీటరుకు మూడున్నర కిలోమీటర్లు. జోంగాకు ఇంతకన్నా ఎక్కువ చేతనవును. తేడా అంతా అరుగుదల వల్ల, అశ్రద్ధ వల్ల.

రెండో పని ఇంజను. వేలూరులో పాత జీపులు బాగుచేసే ఒక మేస్త్రి ఆరు ప్లగ్గులూ విప్పి వరుసగా గుడ్డ మీద పెట్టాడు. కాఫీపొడి రంగులో ఉంటే మంట సరిగా ఉన్నట్టు. నాలుగు ప్లగ్గులు మసిబారి నల్లగా ఉన్నాయి. అంటే గాలికి తగినదానికన్నా పెట్రోలు ఎక్కువ పోతోంది. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక పాలు పెట్రోలుకు దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి, తూకంలో. దానికన్నా పెట్రోలు పెరిగితే ఆ పెరిగింది మండకుండానే బయటికి పోతుంది.

కారణాలు కార్బురేటరులో ఒక్కొక్కటే బయటపడ్డాయి. చెత్త పట్టిందని ఎప్పుడో ఎవరో జెట్లలో ఇనుప తీగ పెట్టి పొడిచారు; ఇత్తడి మెత్తన కాబట్టి రంధ్రం వెడల్పైంది. ఫ్లోటు సూది అరిగి, గిన్నెలో పెట్రోలు మట్టం పైకి వచ్చింది. చోక్ తీగ పట్టేసి, దాని పలక పూర్తిగా తెరుచుకోవడం లేదు. ఎయిర్ ఫిల్టరులో నూనె దుమ్ముతో కలిసి జావైంది. జెట్లు, సూది కొత్తవి పడ్డాయి. మిగతావి శుభ్రం చేస్తే సరిపోయింది. డిస్ట్రిబ్యూటరులో పాయింట్ల సందు, ఇంజనులో ట్యాపెట్ల సందు సరిచేసి, చిరిగిన వాక్యూమ్ అడ్వాన్స్ పొర మార్చి, టైమింగ్ పెట్టారు. ఆ పొర చిన్నదే గాని, తేలిక బరువుతో సాగేటప్పుడు నిప్పురవ్వను ముందుకు జరిపేది అదే. అది చిరిగితే హైవేలో పెట్రోలు దండగ.

మిగిలింది థర్మోస్టాటు. అది అసలు లేదు. వేలూరు ప్రాంతంలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. బండి కాగిపోతుందన్న భయంతో దాన్ని పీకేయడం మెకానిక్కుల్లో పాత అలవాటు. కొత్తది పెట్టమన్నప్పుడు మేస్త్రి కూడా "మన ఎండకు ఇదెందుకన్నా" అనే అన్నాడు. కాని థర్మోస్టాటు లేని ఇంజను త్వరగా వేడెక్కదు. చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఆయిలు చిక్కగా ఉంటుంది, సిలిండరు గోడలు త్వరగా అరుగుతాయి. కాగిపోవడానికి అసలు కారణం రేడియేటరులో పేరుకున్న తుప్పు. దాన్ని కడిగించి థర్మోస్టాటు పెట్టాక ముల్లు మధ్యలో నిలిచింది.

మూడో పని బండిని పట్టి లాగుతున్నవాటిని వదిలించడం. జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పితే కుడి ముందు చక్రం అర చుట్టు కూడా తిరగలేదు. వీల్ సిలిండరు పట్టేసి, బ్రేక్ లైనరు డ్రమ్మును వదలడం లేదు. కొన్ని కిలోమీటర్లు నడిపి ఆపాక నాలుగు హబ్బుల మీదా చెయ్యి పెట్టి చూస్తే ఈ లోపం ఎవరికైనా తెలుస్తుంది: ఒక హబ్బు మిగతావాటికన్నా కాలుతుంటే అక్కడ పెట్రోలు వేడిగా మారుతున్నట్టే. టైర్లలో గాలి తగ్గినా ఇదే నష్టం. గుడియాత్తం దగ్గరి మొర్ధానా అడవి బాటలో ఇసుక కోసం గాలి తగ్గించి, తారురోడ్డెక్కాక మళ్లీ నింపకపోతే మైలేజీ పడిపోతుంది, టైరు అంచులు కూడా అరిగిపోతాయి.

నాలుగు చక్రాల గేరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జోంగాలో దాన్ని కావలసినప్పుడే వేయాలి. తారురోడ్డు మీద వేస్తే మలుపుల్లో ముందు చక్రాలకు, వెనక చక్రాలకు తిరుగుడు సరిపోక గేర్లు బిగుసుకుంటాయి. పెట్రోలు దండగవుతుంది, టైర్లు అరుగుతాయి. దాన్ని తీసేసినా ముందు చక్రాలతోపాటు ముందు యాక్సిలు, క్రౌను, షాఫ్టు ఊరికే తిరుగుతూనే ఉంటాయి. ఫ్రీ వీల్ హబ్బులు బిగిస్తే ఆ తిరుగుడు ఆగుతుంది. దానివల్ల వచ్చే లాభం కొద్దిపాటిదే. ముందు బ్రేకులు బాగుచేసుకోకుండా హబ్బులు కొనడం చిల్లుకుండకు మూత వెతకడం.

బరువు తగ్గించడం తేలికైన పని. రెండు జెర్రీక్యాన్లు, ఇనుప గొలుసు, వాడని ట్రైలరు కొక్కెం, సామాన్ల పెట్టె ఇంట్లో దిగాయి. ఆగి కదిలే ఊరి రోడ్డులో బరువు ఎక్కువ బాధిస్తుంది, హైవేలో గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డగింత నాలుగింతలవుతుంది. కొట్టుకునే కాన్వాసు పరదాలను బిగించి కట్టినా, ఆ డబ్బా ఒంటికి అసలు మందు వేగం తగ్గించడమే. 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ కూడా గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య నడపమనే చెబుతుంది.

గుడియాత్తం నుంచి వేలూరుకు రెండు దారులు. పళ్ళికొండ దగ్గర చెన్నై–బెంగళూరు హైవే ఎక్కేది ఒకటి, కె.వి. కుప్పం, లత్తేరి, కాట్పాడి మీదుగా పోయేది రెండోది. హైవేలో చుట్టూ ఉన్న బండ్ల వేగం జోంగానూ తరుముతుంది. కాట్పాడి దారిలో 50 దగ్గర నిలకడగా సాగవచ్చు, పెట్రోలు అక్కడే తక్కువ. 20వ శతాబ్దం తొలినాళ్లలో డాక్టర్ ఐడా స్కడర్ వేలూరు నుంచి గుడియాత్తం వైపు చెట్ల కింద ఆగి వైద్యం చేస్తూ వచ్చినప్పుడు ఒక చిన్న ప్యూజో కారు సరిపోయింది. చదును రోడ్డుకు నాలుగు లీటర్ల ఇంజను అవసరం లేదు. ఉంటే థ్రాటిల్ దాదాపు మూసే ఉంచాలి. మూసిన థ్రాటిల్ వెనక గాలిని లాక్కోవడానికే ఇంజను బలం కొంత పోతుంది. అందుకే మెల్లగా కదిలి, త్వరగా టాప్ గేరులోకి వెళ్లి, తక్కువ చుట్లతో నడపడం జోంగాకు కలిసొస్తుంది. వేలూరు గ్రీన్ సర్కిల్ రద్దీలో ఇంజను ఆపేస్తే ఇంకా మేలు. ఊరికే నిలబడినా గంటకు లీటరుకు పైనే తాగుతుంది.

పేర్నాంబట్టు నుంచి వి.కోటకు పోయే ఘాట్‌లో న్యూట్రల్లో దిగి పెట్రోలు మిగుల్చుకోవచ్చన్న మాట ప్రమాదం. ఇంజెక్షన్ కారు గేరులో దిగేటప్పుడు పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. కార్బురేటరు అలా ఆపలేదు, కొద్దిగా తాగుతూనే ఉంటుంది. ఆ కొద్దిదానికోసం టన్నున్నర బండిని డ్రమ్ము బ్రేకుల మీద వదిలేయకూడదు.

పెట్రోలూ మారింది. 2000 తర్వాత సీసం పోయింది. 2023 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాలు కలిసినది రాసాగింది. ఇథనాలులో శక్తి పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువ కాబట్టి ఈ మిశ్రమంలో లీటరుకు 6, 7 శాతం శక్తి తగ్గుతుంది. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, మిశ్రమం పలచబడుతుంది. గొట్టాలు మార్చి, మెయిన్ జెట్ ఒక్క మెట్టు పెంచాల్సి వచ్చింది.

చాలా జోంగాల్లో పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను బిగించారు. మైలేజీ నిజంగానే పెరుగుతుంది. కాని దానికి రవాణా శాఖ అనుమతి కావాలి, గేర్లు సరిపడాలి, మౌంటింగులు కొత్తగా వెల్డింగు చేయాలి. రోజూ వందల కిలోమీటర్లు తిరిగే బండికి ఆ ఖర్చు తిరిగొస్తుంది. వారానికోసారి వేలూరు, అప్పుడప్పుడు అడవి బాట తిరిగే ఈ బండికి రాదు.

ఇన్ని పనుల తర్వాత కాట్పాడి దారిలో లీటరుకు ఆరు, ఊళ్లో నాలుగు వస్తోంది. పెద్ద వాటా కార్బురేటరు, బ్రేకులు, వేగం తగ్గించడం నుంచి వచ్చింది, మిగతావన్నీ చిల్లర. 2021 నవంబరులో కౌండిన్య నది పొంగి గుడియాత్తంలో నీళ్లు చేరినప్పుడు నాలుగు చక్రాల లో గేరులో మనుషుల్ని దాటించిన రోజున మైలేజీ మూడుకన్నా కిందికి పడిపోయింది. ఆ గేరు ఆ పనికే ఉంది. మిగతా రోజుల్లో దాన్ని ముట్టకపోవడమే పొదుపు.