నేల మీద ఎమ్మెల్యే, నేల కింద ఢిల్లీ

రాజ్యాంగం చదివే ఓపిక లేనివాళ్లు రామగుండం వచ్చి ఒక ఆటో మాట్లాడుకుంటే చాలు. గంటలో సమాఖ్య వ్యవస్థ మొత్తం చూసి పోవచ్చు. ఇటు ఎన్టీపీసీ కరెంటు ప్లాంటు, ఢిల్లీ వాళ్లది. అటు రాష్ట్రం వాళ్ల బీ-థర్మల్, 1971 నుంచి తన 62.5 మెగావాట్లతో కష్టపడి, చివరికి మూతపడింది. మధ్యలో ఎరువుల ఫ్యాక్టరీ ఆర్‌ఎఫ్‌సీఎల్. అందులో వాటాలు ఎక్కువగా కేంద్ర సంస్థలవి, రాష్ట్రానిది 11 శాతం. గోదావరిఖని చౌరస్తా దాటితే బొగ్గు కంపెనీ సింగరేణి, రాష్ట్రానికి 51, కేంద్రానికి 49. ఇన్ని ప్రభుత్వాల నడుమ జనానికి దొరికే మనిషి మాత్రం ఒక్కడే, ఎమ్మెల్యే. అసెంబ్లీలో 119 మందిలో ఒకరు.

సింగరేణి ఓపెన్‌కాస్ట్ గని (ఓసీ)లో బ్లాస్టింగ్‌కు గోడ పగిలిందనుకోండి. బాధితుడు దరఖాస్తు పట్టుకుని పోయేది ఎమ్మెల్యే దగ్గరికే. ఆయన జీఎంకు ఫోన్ చేస్తారు. జీఎం మర్యాదగా వింటారు. గనుల్లో భద్రత అనేది రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో కేంద్ర జాబితాలోని 55వ అంశం, చూసుకునేది ధన్‌బాద్‌లో కూర్చున్న గనుల భద్రతా డైరెక్టరేట్ అని ఆయన చెప్పరు, ఈయన అడగరు. గోడ పగులు మాత్రం ఏ జాబితాకూ లోబడకుండా పెరుగుతూ పోతుంది.

అసలు గనులు రాష్ట్రానివే. నమ్మకపోతే రాష్ట్ర జాబితా 23వ అంశం తెరిచి చూడండి. గనుల నియంత్రణ, ఖనిజాల అభివృద్ధి మన శాసనసభ పరిధిలోనివే అని రాసి ఉంటుంది. ఆ వెనకే చిన్న తోక ఉంది: కేంద్ర జాబితాకు లోబడి. అక్కడికి పోయి 54వ అంశం చూస్తే, ప్రజా ప్రయోజనం కోసం అని పార్లమెంటు ఒక్క మాటంటే చాలు, ఆ మేరకు అంతా దానిదే. పార్లమెంటు 1957లోనే చట్టం చేసి ఆ మాట అనేసింది. అంటే గనులు మీవే, మేం అడిగేదాకా. బొగ్గు మీద రాయల్టీ 14 శాతం వసూలు చేసుకునేది రాష్ట్రమే. ఆ 14ని 15 చేసే అధికారం మాత్రం మన 119 మందికి కలిసి కూడా లేదు.

ఇక ఆ 51, 49 సంగతి. ఇది ఉమ్మడి కాపురం. పెళ్లిభోజనానికి ఇద్దరూ యజమానులే, అప్పులవాడు వస్తే ఇద్దరూ పక్కింటివాళ్లే. దసరా ముందు కార్మికులకు లాభాల వాటా ప్రకటించే రోజు 51 శాతానికి ఎక్కడలేని కళ వస్తుంది. 2024లో 33 శాతం, 796 కోట్లు అని ముఖ్యమంత్రి స్వయంగా హైదరాబాద్‌లో ప్రకటించారు. మరుసటి ఏడాది 34 శాతం, 819 కోట్లు. కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారి 5,000, తర్వాత 5,500 రూపాయలు ఇచ్చారు. పర్మనెంటు కార్మికుడి వాటా సగటున లక్షా తొంభై వేలు దాటిందన్నది ఆ ప్రకటనల్లోనే వినిపించిన లెక్క. ఒకే బొగ్గు, ఒకే దుమ్ము, వాటాలో ఇంత తేడా ఎందుకని అడగడానికి పండుగపూట నోరు రాదు. ఆ రోజు 49 శాతం అనే అంకె ఎవరికీ గుర్తుండదు. కొత్త బాయి (గని) ఎందుకు రావడం లేదు, ఉన్న బాయిలు ఎందుకు మూతపడుతున్నాయి అని అడిగితే మాత్రం ఆ అంకె వెంటనే గుర్తొస్తుంది.

ఇది ఒక్క వైపు అలవాటనుకుంటే పొరపాటు. 2022 నవంబర్ 12న ప్రధాని రామగుండం వచ్చారు. ఎరువుల ఫ్యాక్టరీని జాతికి అంకితం చేసి, సింగరేణిని అమ్మేస్తారన్న ప్రచారానికి లెక్కతో జవాబిచ్చారు: 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం ఉన్న కేంద్రం ప్రైవేటుపరం చేయాలనుకున్నా ఎలా చేస్తుంది? లెక్క నిక్కచ్చిగా ఉంది. కంపెనీని అమ్మాలంటే 51 అడ్డం. బొగ్గు బ్లాకును వేలం వేయాలంటే శాతాల ఊసే అక్కర్లేదు, పార్లమెంటు చట్టం ఒక్కటి చాలు. తెలంగాణలోని నాలుగు బ్లాకుల వేలం వద్దని కార్మికులు 2021 డిసెంబర్‌లో మూడు రోజులు సమ్మె కట్టింది అందుకే. ఇల్లు అమ్మబోమని మాటిచ్చినవాళ్లు పెరడు వేలానికి పెట్టారు.

2024 జూన్ 21న ఆ వేలం హైదరాబాద్‌కే వచ్చింది. మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి బ్లాకు జాబితాలో ఉంది. వేలం ప్రారంభించిన కేంద్ర బొగ్గు మంత్రి సికింద్రాబాద్ ఎంపీ. బ్లాకులు సింగరేణికే ఇవ్వాలని వినతిపత్రం ఇచ్చింది రాష్ట్ర ఉపముఖ్యమంత్రి. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరిదీ ఒకే వేదిక. ఒకరి చేతిలో అధికారం, ఇంకొకరి చేతిలో దరఖాస్తు. మన గోడ పగిలిన ఆసామి ఆ పూట టీవీ చూసి ఉంటే ఎంతో ధైర్యం తెచ్చుకునేవాడు, దరఖాస్తు పట్టుకు తిరిగేది తానొక్కడే కాదని.

ఇలాంటప్పుడు శాసనసభకు మిగిలే ఆయుధం తీర్మానం. తీర్మానానికి ఖర్చు లేదు, గవర్నర్ సంతకం అక్కర్లేదు, అన్ని పార్టీలూ మాట్లాడొచ్చు, చివర బల్లలు చరచొచ్చు. బిల్లుకైతే ఆ సుఖం లేదు. 2025 మార్చిలో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లులు సభలో పాసై ఢిల్లీకి పోయాయి. డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు ఆ 42 శాతం లేకుండానే జరిగిపోయాయి. గవర్నర్‌కూ రాష్ట్రపతికీ కోర్టులు గడువు పెట్టలేవని సుప్రీంకోర్టు అంతకు ముందు నెలలోనే చెప్పింది. గడువంటూ ఉంటే గింటే ఫస్ట్ షిఫ్ట్ కార్మికుడికి, మస్టర్ టైముకు.

అయితే శాసనసభ మాటకు విలువ లేదని గుండెలు బాదుకునే ముందు ఖని జనం ఒక్క క్షణం ఆగాలి. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ తెలంగాణ బిల్లును మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. ఆర్టికల్ 3 ప్రకారం ఆ సభ అభిప్రాయం వినాలి, వింటే చాలు. పార్లమెంటు విన్నది, ఫిబ్రవరిలో బిల్లు పాస్ చేసింది. 2011 సకల జనుల సమ్మెలో బొగ్గు ఆపి జీతాలు పోగొట్టుకున్న ఈ బెల్టులో ఆ రోజు రంగులు చల్లుకున్నారు. శాసనసభ హక్కు హరించారని ఇక్కడ ఒక్కరూ కన్నీరు పెట్టలేదు, పెట్టాల్సిన పనీ లేదు. పైగా ఆ పునర్విభజన చట్టం పన్నెండో షెడ్యూల్లోనే సింగరేణిలో తెలంగాణకు 51 శాతం అని రాసి ఉంది. మనం ఢిల్లీ మీద ఝళిపించే కత్తి ఢిల్లీ ఇచ్చిందే.

నాకు అసలు నవ్వొచ్చేది ఇంకో చోట. చేతిలో లేనిదాని మీద గంటలు మాట్లాడే సభ, చేతిలో ఉన్నదాని మీద నోరు విప్పదు. సింగరేణి వార్షిక నివేదిక పార్లమెంటుతో పాటు శాసనసభ ముందుకూ రావాలని కంపెనీల చట్టం చెబుతోంది. ప్రభుత్వ రంగ సంస్థల లెక్కలడగడానికి సభకు ప్రత్యేకంగా ఒక కమిటీ ఉంది. రాష్ట్ర విద్యుత్ సంస్థలు సింగరేణికి వేల కోట్లు బాకీ. అంటే యజమానే కంపెనీ దగ్గర ఉద్దెర ఖాతా పెట్టాడు. ఈ బాకీ ఎప్పుడు తీరుస్తారని అడగడానికి ఏ కేంద్ర జాబితా అడ్డమొస్తుంది? నివేదికను బల్ల మీద పెడతారు. బల్ల దాన్ని శ్రద్ధగా మోస్తుంది.

2024 జూలై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 8-1 మెజారిటీతో ఇంకో తాళంచెవి ఇచ్చింది. రాయల్టీ పన్ను కాదు, ఖనిజ హక్కుల మీద రాష్ట్రాలు పన్ను వేసుకోవచ్చు, పార్లమెంటు పరిమితులు పెట్టనంత వరకు. ఝార్ఖండ్, తమిళనాడు చకచకా చట్టాలు చేసేశాయి. మనమూ వేద్దాం సరే, ఎవరి మీద? మన సింగరేణి మీదే. ఈ మాట మా వాడకట్టులో రిటైరైన ఓవర్‌మన్ చెవిన వేస్తే ఆయన బీడీ ఆర్పి అడిగాడు: "మన జేబులకెళ్లి తీసి మన జేబులనే ఏసుకునుడు గదా బిడ్డా? నడుమ కరెంటు బిల్లు ఎవడు కడ్తడు?" జవాబు మీ ఇంటి మీటరు చూస్తే దొరుకుతుంది.

పోనీ, వేరే రాష్ట్రంలోనైనా 51 శాతం చెల్లుతుందా? ఒడిశాలోని నైనీ బ్లాకును సింగరేణికి 2015లో కేటాయించారు. బొగ్గు తవ్వకం మొదలైంది 2025 ఏప్రిల్‌లో. అడవి అనుమతులు, భూములు, అక్కడి ప్రభుత్వం. గనుల విషయంలో కేంద్రం పెత్తనం చేస్తోందని ఫిర్యాదు చేసే రాష్ట్రం, ఇంకో రాష్ట్రం గడపలో దాదాపు పదేళ్లు నిలబడింది.

ఈ గందరగోళమంతా గేట్ మీటింగుల్లో మాయమవుతుంది. సింగరేణిలో గుర్తింపు కార్మిక సంఘం ఎన్నికలు జరిపించేది కేంద్ర కార్మిక శాఖ. గేటు దగ్గర మైకు పట్టేది రాష్ట్ర నాయకులు. ఇచ్చే హామీ ఐటీ మాఫీ. ఆదాయపు పన్ను కేంద్ర జాబితాలో 82వ అంశం, దాన్ని పిట్ కార్యదర్శి మాఫీ చేయలేడు, ఎమ్మెల్యే చేయలేడు, ముఖ్యమంత్రీ చేయలేడు. అయినా ప్రతి ఎన్నికలోనూ అది కొత్త హామీయే. ఈసారి మైకు పట్టినాయనను, అన్నా నువ్వు నిలబడేది పిట్ కమిటీకా, అసెంబ్లీకా, పార్లమెంటుకా అని అడిగి చూడండి. ముందు గెలిపించు తమ్మీ, ఏ జాబితానో గెలిచినంక చూద్దాం అంటాడు.