మేనేజ్ చేసీండి మాస్టారూ

పొందూరులో పత్తికి ఉన్న మర్యాద ఇంగ్లీషుకు లేదు. ఇక్కడ కొండపత్తిని ముందు ఏరతారు. వాలుగ చేప దవడ పళ్ళతో ఏకుతారు. పొల్లు తీస్తారు, ఏకులు చుడతారు, ఆ తర్వాతే రాట్నం దగ్గర కూర్చుంటారు. మధ్యలో ఒక పని ఎగ్గొట్టి ‘మేనేజ్’ చేద్దామనుకుంటే నూరో నంబరు నూలు రాదు, పుటుక్కున తెగుతుంది. అదే జిల్లాలో రోడ్డు పక్క గోడల మీద మాత్రం ‘30 రోజుల్లో ఇంగ్లీషు’ అని రాసి ఉంటుంది. విత్తనం నాటకుండానే పంచె మడతపెట్టి చేతికిస్తామన్నంత ధీమా!

అలాంటి గోడ వెనక గది ఎలా ఉంటుందో చెప్పడానికి ఊరి పేరుతో పనిలేదు, అన్నీ ఒక్క అచ్చే. సాయంత్రం ఆరు గంటల బ్యాచ్. ముందు బెంచీలో ఆరో తరగతి పిల్లాడు. వాడి పక్కన రైల్వే పరీక్షకు చదివే యువకుడు. వెనక నర్సు ఉద్యోగానికి గల్ఫ్ వెళ్ళబోయే అమ్మాయి. జిరాక్సు పుస్తకం మూడో పేజీ నుంచి ఏడో పేజీ వరకే ఉంది. మార్కర్ నెల కిందటే ఎండిపోయింది. పక్క గది మాస్టారు రాలేదు. గుమ్మంలోంచి యజమాని తల దూరుస్తాడు: “రెండు బ్యాచ్‌లూ కలిపేసి చెప్పీండి మాస్టారూ, ఏటౌతాది? ఈ పూటకి మేనేజ్ చేసీండి.”

ఆ పూట మూడు నెలలైనా ముగియదు.

సిలబస్ లేదని ఎవరైనా అంటే అది అపనింద. ఉంది, కాకపోతే అది అడ్మిషన్లతో పాటు నడుస్తుంది. ప్రతి సోమవారం ఎవరో కొత్తగా ఫీజు కడతారు, వాళ్ళ కోసం పాఠం మళ్ళీ సింపుల్ ప్రెజెంట్ దగ్గర మొదలవుతుంది. పాతవాళ్ళు ‘నేను రోజూ బడికి వెళ్తాను’ అనే వాక్యాన్ని నాలుగోసారి రాసుకుంటారు. పన్నెండు టెన్సుల్లో ఫ్యూచర్ పర్ఫెక్ట్ దాకా వెళ్ళిన విద్యార్థిని ఆ గది ఇంతవరకు చూడలేదు.

పాపం, మాస్టారు చేతులు ముడుచుకోడు. సొంత డబ్బుతో మార్కర్ కొని జేబులో దాచుకుంటాడు, బల్ల మీద పెడితే పక్క గదికి పోతుంది గనక. ఎవరికి ఎంతవరకు చెప్పాడో చిన్న నోటుబుక్కులో రాసుకుంటాడు. గల్ఫ్ అమ్మాయిని రోగిగా, రైల్వే కుర్రాణ్ణి డాక్టరుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు. పిల్లాడికి కాంపౌండరు వేషం. గదిలో కాస్తో కూస్తో ఇంగ్లీషు వినిపించేది ఆ పావుగంటే. మరుసటి నెల కరపత్రంలో అది ‘మా సంస్థ ప్రత్యేక రోల్‌ప్లే పద్ధతి’గా అచ్చవుతుంది. మార్కర్ డబ్బులు మాత్రం తిరిగి రావు.

ఈ విద్యకు మూలపురుషుడు గిరీశం, పక్క విజయనగరం వాడే. 1909లో గురజాడ వెలువరించిన ‘కన్యాశుల్కం’ రెండో కూర్పులో, ఇంగ్లీషు మాట్లాడి వినిపించమని వెంకటేశం తల్లి అడిగితే, గిరీశం, అతని శిష్యుడు వెంకటేశం పిల్లల పద్యాన్నీ జామెట్రీ ముక్కనూ వ్యాకరణ సూత్రాన్నీ కలగలిపి గంభీరంగా ‘సంభాషిస్తారు’. నేటి ఉచిత డెమో క్లాసు అంతకంటే ఏం పెరిగింది? ఏసీ పెరిగింది, అదీ డెమో రోజునే.

దక్షిణ కొరియాలోనూ ఈ వ్యాపారం జోరే. అక్కడ వాటిని హగ్వాన్‌లంటారు. 1980లో ప్రైవేటు ట్యూషన్లనే నిషేధించి చూశారు, 2000లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాల నుంచి వీసా మీద వెళ్ళిన టీచర్లు దిగీ దిగగానే తరగతిలో నిలబడటం, టైమ్‌టేబుల్ ఆ పూటకే మారిపోవడం అక్కడ వింత కాదు. సర్దుకుపోవడం అక్కడా అర్హతే. తేడా ఏమిటంటే, వాళ్ళకు విమాన టికెట్టు ఇస్తారు.

మనకూ నిబంధనలు లేకపోలేదు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది: 16 ఏళ్ళలోపు వారిని చేర్చుకోకూడదు, బోధకుడికి డిగ్రీ ఉండాలి, మోసపు హామీలు ఇవ్వకూడదు. కానీ ఇవన్నీ 50 మందికి మించి విద్యార్థులున్న చోటుకే. ఇక్కడే యజమాని అస్తవ్యస్తంలోని మేధ బయటపడుతుంది. రిజిస్టరే లేనప్పుడు ఎంతమంది ఉన్నారో లెక్క తేల్చేది ఎవరు?

పోనీ, పెద్దలే తిన్నగా ఉన్నారా అంటే అదీ లేదు. 2019 నవంబరులో రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం అంటూ జీవో 81 వచ్చింది, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది. 2023లో అవే బడుల్లోకి టోఫెల్ ఇంగ్లీషు పరీక్ష వచ్చింది, ప్రభుత్వం మారాక పోయింది. ప్రతిసారీ కింద తరగతిలో నిలబడ్డ టీచరుకు అందిన ఆదేశం మాత్రం ఒకటే, మేనేజ్ చేసుకోమని.

సోమవారం. కొత్తగా ఇద్దరు చేరారు. రైల్వే కుర్రాడు నోటుబుక్కు మూసేసి కిటికీలోంచి చూస్తున్నాడు. మాస్టారు జేబులోంచి మార్కర్ తీసి, మూత పళ్ళతో లాగి, బోర్డు మీద సింపుల్ ప్రెజెంట్ అని రాశాడు.